మన ముద్ద తెలియని పోషకాహార చదువు మాకొద్దు!

విద్యార్థులారా, అధ్యాపక మిత్రులారా, పల్లెల నుంచి ఆడపిల్లల్ని చదువుకు పంపిన తల్లిదండ్రులారా!

మొన్న అనంతపురంలోని ఒక కళాశాలలో న్యూట్రిషన్ ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. రక్తహీనత ఉన్న గర్భిణికి ఒకరోజు భోజనం రాయాలి. ఒకమ్మాయి పొద్దున ఓట్స్, మధ్యాహ్నం పనీర్, సాయంత్రం యాపిల్, రాత్రికి బ్రకోలీ సూప్ రాసింది. మంచి మార్కులే వేశారు. ఆ పిల్లది కళ్యాణదుర్గం వైపు పల్లె. తల్లి వేరుశనగ చేలకు కూలికి పోతూ కట్టుకునేది సంగటి ముద్ద, ఊరుబిండి. ఆ ముద్దలో రాగిపిండి ఎంత, బియ్యం ఎంత? తూచి చూడమని మూడేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. తప్పు ఆ పిల్లది కానే కాదు.

రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 364 మిల్లీగ్రాములని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017 పట్టిక చెబుతోంది. దాన్ని కంఠతా పట్టిస్తారు. కొర్రలేవో, అండుకొర్రలేవో చేతిలో పోసి చూపించరు. టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదని నోట్సు చెప్పి రాయిస్తారు. ఐరన్ మాత్రను టీతో మింగే గర్భిణితో ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేర్పరు. రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చాక కూడా ఇదే తంతు. దీన్ని చదువు అనకండి. ఇది మోసం!

కాగితం లెక్కలు మనల్ని చంపడం కొత్త కాదు. ధాత కరువులో, 1877లో, కరువు పనుల కూలీకి రోజుకు పౌను ధాన్యం చాలన్నాడు బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్. చిక్కిపోతున్న మనుషుల్ని చూపి, చాలదని ఎదిరించాడు మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్. మన తరగతి గదులు నేటికీ టెంపుల్ పక్షానే ఉన్నాయి.

సిలబస్ మా చేతిలో లేదంటారు అధ్యాపకులు. ప్రశ్నపత్రం ఎవరి చేతిలో ఉంది? ఊళ్లకు తీసుకుపోవాలంటే బస్సు ఖర్చులంటారు. అంగన్‌వాడీకి నడిచి పోవచ్చు.

మా కోర్కెలు ఇవి: ప్రాక్టికల్ మార్కుల్లో సగం ఊళ్లో చేసిన పనికే ఇవ్వాలి. ప్రతి విద్యార్థీ ఒక కూలి కుటుంబం ఏడాది పొడవునా, పని దొరకని నెలల్లో సైతం, ఏం తింటుందో తూచి రాయాలి. ఆ ఇంటి సంపాదనలో కుదిరే భోజనమే సూచించాలి. అది నప్పిందో లేదో ఆ ఇల్లాలే పరీక్షాధికారి ముందు చెప్పాలి. ఆసుపత్రి వార్డులో శిక్షణ లేకుండా డైటీషియన్ పట్టా ఇవ్వకూడదు.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చునేలోపు ఈ కోర్కెల పత్రం మీద సంతకాలు చేయండి. మీ ఊరి సర్పంచి చేత, అంగన్‌వాడీ టీచరు చేత కూడా చేయించి తీసుకురండి.