షుగర్ అంతా కంచంలోనే ఉందా?

మనవాళ్ళలో ఒకరికి షుగర్ వచ్చిందని తెలిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా డాక్టర్లైపోతారు. అన్నం మానెయ్, కొర్రలు తిను, కాకరకాయ రసం తాగు, మెంతులు నానబెట్టు.. యూట్యూబ్ తెరిచినా ఇదే గోల. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఇంత గోలలో కండ అనే మాట ఒక్కరి నోటా రాకపోవడం చూస్తే ఒళ్ళు మండుతోంది.

తిండి సంగతి వదిలెయ్యమని కాదు నా వాదన. లెక్క చూడండి. ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కిస్తూ, చక్కెర పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఎక్కిస్తూ కొలిచే క్లాంప్ పద్ధతిని డిఫ్రోంజో బృందం 1979లో ప్రచురించింది. అలా కొలిచినప్పుడు, ఇన్సులిన్ పనిచేస్తుంటే రక్తంలోంచి తగ్గే గ్లూకోజ్‌లో అత్యధిక భాగం పోయేది కండరాల్లోకే.

ఇన్సులిన్ తాళంచెవి, కణం తలుపు అని బొమ్మ గీసి చూపిస్తారు. బాగానే ఉంది. మరి ఆ తాళంచెవి తలుపు దాకా చేరొద్దూ? చేర్చేది కండలో అల్లుకున్న సన్నటి రక్తకేశనాళికలు. వాటిలో రక్తం పారే తీరును నియంత్రించే ఏర్పాటును కనిపెట్టినందుకే డెన్మార్క్‌కి చెందిన ఆగస్ట్ క్రోగ్‌కి 1920లో నోబెల్ ఇచ్చారు. ఆయన భార్య మేరీకి మధుమేహం. 1922లో టొరంటో వెళ్ళి ఇన్సులిన్ తయారీని డెన్మార్క్‌కి తెచ్చింది కూడా ఆయనే. కేశనాళికలు, ఇన్సులిన్ రెండూ ఒకే మనిషి దగ్గర కలిసి నూరేళ్ళు దాటింది, మనం ఇంకా కాకరకాయ దగ్గరే ఉన్నాం!

ఇన్సులిన్ తన దారి తనే వేసుకుంటుంది. రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయించి, కండలోకి రక్తం ఎక్కువ పారేలా చేస్తుంది. అలెన్ బారన్ బృందం 1990లలో దీన్ని మనుషుల్లోనే చూపించింది. ఊబకాయం, టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ళలో ఈ స్పందన మందగిస్తుంది.

"అయితే రక్తం పారిస్తే సరి" అని కాళ్ళకింద వైబ్రేటర్ మిషన్లు అమ్మేవాళ్ళు సంబరపడక్కర్లేదు. మందులతో నాళాల్ని వెడల్పు చేసి రక్తప్రవాహం పెంచినంత మాత్రాన గ్లూకోజ్ వాడకం పెరగదని ప్రయోగాల్లో తేలింది. మెయిన్ కేబుల్ లావుగా ఉంటే సరిపోదు, ఇంటింటికీ కనెక్షన్ ఉండాలి, ఇంట్లోవాళ్ళు వాడుకోవాలి.

ఆ రెండూ ఒకేసారి చేసేది కండ కదలిక. కదిలే కండలో కేశనాళికల ప్రవాహం పెరుగుతుంది, గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే గ్లూట్4 ఇన్సులిన్ పిలవకుండానే కణం పైపొరకి వస్తుంది. కోపెన్‌హేగన్‌లో మనుషుల మీద చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక కాలికే వ్యాయామం చేయించి, కొన్ని గంటల తర్వాత చూస్తే ఇన్సులిన్ ఆ కాల్లోనే బాగా పనిచేసింది. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకుంటే ఆ లాభం తగ్గింది. అంతకుముందు 2012లో డన్‌స్టన్ బృందం, అధిక బరువున్నవాళ్ళని గంటల తరబడి కూర్చోబెట్టకుండా ప్రతి 20 నిమిషాలకీ 2 నిమిషాలు నడిపిస్తే, తిన్న తర్వాత పెరిగే గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ తగ్గాయని చూపించింది.

ఇప్పుడు మన ఆఫీసుల సంగతికి రండి. ఏటా హెల్త్ క్యాంప్ పెట్టి రక్తం తీస్తారు. ఆ రక్తం కాళ్ళలో పారడానికి రెండు నిమిషాలు మాత్రం ఇవ్వరు. భోంచేసి రాగానే రెండింటి నుంచి ఆరింటి దాకా వరసగా కాల్స్! మధ్యలో లేచి నిలబడితే ఏకాగ్రత లేనివాడని పేరు. పైగా మెయిల్‌లో "మీ ఆరోగ్యం మీ బాధ్యత" అని సూక్తి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా కట్టాక కూడా, ఇది ఒక్కో మనిషి నోటి చాపల్యం మాత్రమే అనడం అన్యాయం.

ఇప్పటికే మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇది చదివి వాటిని మానెయ్యకండి. వ్యాయామం పెంచితే చక్కెర మరీ పడిపోవచ్చు, డాక్టర్ని అడిగే చెయ్యండి. మిగతావాళ్ళు రేపటి మీటింగ్‌లో నిలబడి మాట్లాడండి. ఎందుకని మేనేజర్ అడిగితే, కాళ్ళకి రక్తం కావాలని చెప్పండి.