సిల్వియాను ఎందుకు అమ్మాలి?

పోయిన దసరాకు ముందు ఒక పొద్దున మావాడు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేశాడు. నాతో మాట్లాడుతూనే పక్కనున్న ఫ్రెండ్‌తో, "సిల్వియాను వదులుకోవాలంటే మనసు రావట్లేదురా" అన్నాడు. చింతపండు పిసుకుతున్న నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. రెండు రోజులు మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎవరమ్మాయో, ఏ దేశమో, ఎన్నాళ్ల నుంచో! సంబంధాలు చూస్తున్న తల్లికి భయపడడానికి అంతకన్నా ఏం కావాలి? మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాను. వాడు నవ్వీ నవ్వీ ఫోను కింద పడేసుకున్నాడు.

సిల్వియా అంటే కారు. నిస్సాన్ వాళ్లది, 1996లో జపాన్‌లో తయారైంది.

వాడి నవ్వు అయిపోయాక నాకు ఏడుపొచ్చింది. ఆ కారు కొని అప్పటికే రెండేళ్లయింది మరి. రెండేళ్లలో నాకు వాడు వండిన పప్పు చూపించాడు, మంచు చూపించాడు, రూములోకి వచ్చిన ఉడుతను చూపించాడు. కారు మాత్రం చూపించలేదు.

ఇంతకీ ఆ కారు ఎట్లా ఉంటుందంటే, రెండే తలుపులు. ఇట్లాంటివాటిని కూపే అంటారు. వెనక సీటు ఉందన్న మాటే గానీ కూరగాయల సంచి పెట్టుకోవడానికి తప్ప పనికి రాదు. "నేనూ నాన్నా వస్తే ఎక్కడ కూర్చోవాలిరా?" అని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. దానికి ఇప్పటికీ జవాబు లేదు.

అమెరికాలో నిస్సాన్ ఈ కారును ఇదే రూపంలో ఎప్పుడూ అమ్మలేదు. 240ఎస్‌ఎక్స్ అని పేరు మార్చి, టర్బో లేని వేరే ఇంజను పెట్టి అమ్మింది. జపాన్ వాళ్ల కోసం చేసిన టర్బో బండే కావాలంటే దానికి 25 ఏళ్లు నిండాలి. అక్కడి భద్రతా నియమాల ప్రకారం తయారు కాని విదేశీ కారును మామూలుగా తెచ్చుకోనివ్వరు. 1988లో చేసిన చట్టంతో 25 ఏళ్లు దాటినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. తయారైన నెలతో సహా లెక్క. అందుకని తొంభైల నాటి జపాన్ కార్లు ఒక్కొక్కటే పాతికేళ్లు నిండగానే ఓడెక్కుతున్నాయి. మన దేశంలో దీనికి తలకిందులు. బయటి నుంచి వాడిన కారు తేవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు. అక్కడ ముసలిదైతేనే రానిస్తారు, ఇక్కడ పడుచుదైతేనే.

మావాడు దాన్ని కొన్నట్టు ఉంచలేదు. టర్బో మార్చాడు, సైలెన్సర్ మార్చాడు, చక్రాలు మార్చాడు, స్ప్రింగులు మార్చి బండిని నేలకు దించాడు. మా గరిడేపల్లి స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు దాని పొట్ట చీరెయ్యడానికి. ఇక్కడైతే ఇది నేరం కూడా. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. కోదాడ రోడ్డు మీద బుల్లెట్ల సైలెన్సర్లు మార్చి చెవులు పగలగొట్టే పిల్లలను చూస్తే ఆ చట్టం మంచిదే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు డబ్బు సంగతి. బండికి 24 వేల డాలర్లు, మార్పులకు 14 వేలు. ఇప్పుడు అమ్మబోతే 22 వేల దగ్గర బేరం మొదలవుతోందట. "ఆ 14 వేలు ఏమైనట్టురా?" అంటే, "అవి తిరిగి రావమ్మా, కొనేవాడు వాటిని లెక్కలోకి తీసుకోడు" అన్నాడు. మనకు కొత్తా ఈ లెక్క? గొలుసు అమ్మబోయిన ఏ ఆడదాన్నైనా అడగండి. కొన్నప్పుడు తరుగు మనమే కట్టాలి, మజూరీ మనమే కట్టాలి. అమ్మేటప్పుడు రాళ్ల బరువు తీసేసి, తరుగు తీసేసి, మిగిలిన బంగారానికి రేటు కడతారు. మజూరీ మాట ఎత్తితే కొట్టువాడు మనవైపు జాలిగా చూస్తాడు. మావాడి కారులో మజూరీ మరీ ఎక్కువ. పైగా ఇంకొకరి చేతి పని అంటే కొనేవాడికి భయం. ఏం విప్పాడో, ఎట్లా బిగించాడో అని.

ఇంతకీ అమ్మే మాట ఎందుకొచ్చింది? ఖమ్మం వైపు సంబంధం ఒకటి వచ్చింది. అమ్మాయి కూడా అక్కడే ఉద్యోగం. వాళ్ల నాన్న ఎక్కడో ఈ కారు ఫొటో చూసి, అబ్బాయికి రేసుల పిచ్చి ఉందా అని మధ్యవర్తితో అడిగించాడు. అంతే, మా ఇంట్లో పంచాయతీ. మా ఆడబిడ్డ "పాత డొక్కు కోసం మంచి సంబంధం పోగొట్టుకుంటామా వదినా" అంది. నేనూ ఫోను తీసి "అమ్మెయ్‌రా" అన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు నాకు ఆ మాట అనడానికి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన ఆర్‌ఎక్స్ 100 గుర్తొచ్చింది.

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దగ్గర 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. 98 సీసీల చిన్న బండి, చప్పుడు మాత్రం ఊరంతా. మా పెళ్లైన కొత్తలో దాని మీదే హుజూర్‌నగర్ సినిమాకు పోయేవాళ్లం. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని ఏడు, ఎరువుల కొట్టు బాకీ మెడ మీదకొస్తే, 9 వేలకు ఇచ్చేశాం. ఇప్పుడు ఆ బండ్లను వెతికి వెతికి కొంటున్నారు, 2018లో దాని పేరుతో సినిమా కూడా వచ్చింది. మా ఆయన ఆ రోజు ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. కానీ ఈరోజుకీ రోడ్డు మీద ఆ చప్పుడు వినిపిస్తే అన్నం తింటున్నవాడు తలెత్తుతాడు.

ఆ అమ్మకంలో తప్పేం లేదు. అవసరం వచ్చింది, అమ్మాం. వాడి చదువుకు నా ఆరు తులాలు పోయినప్పుడూ అంతే. గొలుసు తీసియ్యి అని నన్నెవరూ అనలేదు. అందరూ ఒకసారి నా మెడ వైపు చూశారు. నేనే తీసి ఇచ్చాను. వాడి కారు సంగతి తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఆరు తులాలే అని దాచుకోవడం ఎందుకు? 38 వేల డాలర్లంటే 30 లక్షల పైమాటే. మా ఇంటికి పై అంతస్తు పడేది. అది వాడికి చెప్పాను కూడా. చెప్పకపోతే లోపల కుళ్లిపోయేదాన్ని.

అయినా నా అభిప్రాయం ఇది. అవసరానికి అమ్మడం వేరు, ఎవరో మొహం చిట్లించారని అమ్మించడం వేరు. కష్టపడి సంపాదించిన డబ్బుతో, అప్పు వాయిదాలు తప్పకుండా కడుతూ కొన్నాడు. దాచడం తప్పు, ఆ తప్పుకు తిట్టాల్సినంత తిట్టాను. కానీ పెళ్లిచూపుల కోసం ఒక మనిషి ఇష్టాన్ని ఇంట్లోంచి మాయం చేస్తే, ఆ అమ్మాయికి మనం చూపిస్తున్నది ఎవరిని? రేపు ఆ అమ్మాయి వీణో, బొమ్మల రంగులో వాళ్ల అమ్మ ఇట్లాగే అటక మీద దాచి పంపిస్తే? మనలో ఎంతమందిమి పుట్టింట్లో ఏం వదిలేసి వచ్చామో ఒకసారి లెక్కపెట్టుకోండి. మా చిన్నత్త హార్మోనియం వాయించేదని ఆమె పోయాక గానీ మాకు తెలియలేదు.

నాకు భయం లేదనను. స్టీరింగ్ కుడివైపు, ఆ దేశంలో బండ్లు నడిచేది కుడిపక్కన. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తుందో కనపడదు. "ఎందుకురా ఇంత ప్రాణాంతకం?" అంటే, "కుడివైపు కూర్చుంటే ఇంటి దగ్గర నడుపుతున్నట్టు ఉంటుందమ్మా, ఆదివారం ఒక్కరోజే తీస్తా" అన్నాడు. ఆ మాటకు ఏమనాలో తోచలేదు.

మర్నాడు ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. "సంబంధం కోసం అమ్మకు. ఆ అమ్మాయితోనే మాట్లాడు, ఆమెకు నచ్చకపోతే అప్పుడు చూద్దాం" అన్నాను. వాడు కాసేపు ఆగి, "అమ్మాయి సంగతి కాదమ్మా. కారు మీద ఇంకా 9 వేలు అప్పుంది, మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. నేనే అమ్ముదామనుకుంటున్నా" అన్నాడు. ఫ్రెండ్‌తో ఆ రోజు అన్నది కూడా అందుకేనట. అట్లా అయితే సరే. అది వాడి అవసరం, వాడి నిర్ణయం.

ప్రకటన రాసి నాకు చదివి వినిపించాడు. అన్నీ గొప్పలే. మా అత్తమ్మ గేదెను అమ్మిన రోజు చెప్పాను వాడికి. కొనేవాళ్లు పళ్లు చూశారు, ఎన్ని ఈతలో అడిగారు, పాలు పిండి చూశారు. అంతా అయ్యాక అత్తమ్మ తానే, "కొత్త చెయ్యి పడితే తంతది, వారం రోజులు ఓపిక పట్టండి" అంది. మా మామయ్య కళ్లు ఉరిమాడు. వాళ్లు వెయ్యి తగ్గించి తోలుకుపోయారు, మళ్లీ ఒక్కసారి కూడా మా గడపలోకి గొడవకు రాలేదు. వాడు నవ్వాడు గానీ, రెండో గేరు పడేటప్పుడు గరగరమంటుందని, వెనక చక్రం పైన తుప్పు ఉందని రాశాడు. మార్చేసిన పాత సామాన్లు పారెయ్యకుండా గ్యారేజీలో పెట్టాడట. అవి కూడా ఇస్తానంటే ఫోన్లు పెరిగాయి. కొందరికి కంపెనీ రూపమే కావాలట.

ఇప్పటికి నలుగురు చూసి వెళ్లారు. ఒకడు డబ్బు బదులు తన ట్రక్కు ఇస్తానన్నాడు. పోయిన ఆదివారం వాడు కారులోంచే వీడియో కాల్ చేశాడు. ఇన్ని రోజులూ ఈ కారు గురించి ఒక్క మాట మాట్లాడని మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, "ఒకసారి రేజ్ ఇవ్వరా" అన్నాడు.