పల్లె పాటకి తేమ మీటర్ పెట్టేది ఎవరు?

ఈసారి యూరియా గురించో రేటు గురించో కాదు, ఒక పాట గురించి రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

మొన్న సంక్రాంతికి మన ఊరి స్టేజీ మీద ఒక కుర్రాడు ఎండిపోయిన బోరు మీద సొంతంగా కట్టిన రాప్ పాడబోతే, "ఇది పల్లె పాట కాదు, దిగు" అన్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నా. తప్పు చేశాం.

2019లో అమెరికాలో ఇదే జరిగింది. లిల్ నాస్ ఎక్స్ అని జార్జియా రాష్ట్రం నల్లజాతి కుర్రాడు. 19 ఏళ్ళప్పుడు 30 డాలర్లకి ఇంటర్నెట్‌లో ట్యూన్ కొనుక్కుని 'ఓల్డ్ టౌన్ రోడ్' పాడాడు. పాటలో గుర్రం ఉంది, టోపీ ఉంది, మన ట్రాక్టర్ కూడా ఉంది. జనం ఎగబడ్డారు. అక్కడ పల్లె పాటల్ని కంట్రీ అంటారు. బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల లిస్టులో ఇది 19వ స్థానంలోకి వచ్చింది. వెంటనే తీసేశారు. కంట్రీ లక్షణాలు చాలవంట!

రాప్ కలిసింది కాబట్టి తీసేశారులే అంటారా? 2013లో ఫ్లోరిడా జార్జియా లైన్ అనే తెల్లవాళ్ళ జట్టు తమ 'క్రూజ్' పాటకి రాపర్ నెల్లీని కలుపుకుంది. ఆ పాట అదే లిస్టులో మొత్తం 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. అప్పుడు ఏ లక్షణం అడ్డం రాలేదు.

మనకి తెలియని సంగతా ఇది? కాటా దగ్గర మన వడ్లకి తేమ 17 శాతం దాటిందని పక్కన పెడతారు. అవే వడ్లు షావుకారు లారీ ఎక్కితే గ్రేడ్ ఏ.

"వాడికి పొలం పని తెలుసా?" అని కొందరంటారు. స్టూడియోల్లో పాడే పెద్ద గాయకులంతా దుక్కి దున్ని వచ్చారా? అసలు కంట్రీ పాటలో మోగే బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వాయిద్యం. 1920లో అమెరికాలో 9 లక్షలకు పైగా నల్లజాతి రైతులు ఉండేవాళ్ళు. 2017 లెక్కల్లో 50 వేలకి లోపే. అప్పు పుట్టక, వారసత్వ కాగితాలు సరిగా లేక భూములు పోయాయి. భూమి పోయినవాళ్ళ మనవడికి పల్లె పాట కూడా నీది కాదన్నారు.

తర్వాత బిల్లీ రే సైరస్ అనే తెల్ల కంట్రీ గాయకుడు గొంతు కలిపాడు. అన్ని రకాల పాటలూ కలిపిన పెద్ద లిస్టులో వరసగా 19 వారాలు మొదటి స్థానం, అప్పటికి అదే రికార్డు. కంట్రీ సంగీత సంఘం వాళ్ళు కూడా అవార్డు ఇచ్చారు. కంట్రీ లిస్టులోకి మాత్రం తిరిగి రానివ్వలేదు.

మన కుర్రాడికి ఏ సైరసూ రాడు. ఉన్నది మనమే. వాడు పాడబోయింది మన బోరు గురించి, మన అప్పు గురించి. బాణీ మనకి కొత్త, అంతే. బుర్రకథలో మైకు వచ్చినప్పుడు కూడా మన తాతలు గొణిగే ఉంటారు.

కమిటీ పెద్దలకి నా మాట ఒక్కటే. వచ్చే సంక్రాంతికి ఆ పిల్లాణ్ణి మనమే పిలుద్దాం. పూర్తిగా విందాం. బాగోకపోతే బాగోలేదని మొహం మీదే చెప్దాం. పల్లె పాట కాదని మాత్రం అనొద్దు.