ద్వారబంధాలు అమ్ముకుంటున్న ఊళ్ళు

‘పాత ఇళ్ళు కొనబడును’. గోదావరి జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఏదో ఒక కరెంటు స్తంభానికి ఈ రేకు ముక్క వేలాడుతూ కనిపిస్తుంది. కింద ఫోన్ నంబరు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే వచ్చేవాడు ఇల్లు కొని అందులో ఉండటానికి రాడు. సావిట్లో స్తంభాల్ని గుప్పిటతో తట్టి చూస్తాడు. ద్వారబంధం మందం జానతో కొలుస్తాడు. అటకెక్కి దూలాల మీద టార్చి వేస్తాడు. చెద పట్టిందా లేదా అని గోటితో గీకుతాడు. పది నిమిషాల్లో ఇంటి మొత్తానికీ ఓ అంకె చెప్పేస్తాడు.

మన ఊళ్ళలో పాత ఇంటి విలువ కట్టగలిగినవాడు ఇవాళ అతనొక్కడే మిగిలాడు. విప్పి అమ్ముకునేవాడికి తెలిసిన విలువ, పన్ను కట్టించుకునే మునిసిపాలిటీకి తెలియదు. కాపాడతానని బోర్డు పెట్టుకున్న పురావస్తు శాఖకి తెలియదు. అందులో పుట్టి పెరిగిన వారసులకి తెలియదు. సంక్రాంతికి ఆ అరుగు మీద కూర్చుని ఫొటోలు దిగే మనకి అసలే తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతి ఇది.

మా వీధిలో ఈ మధ్యే ఒక మండువా లోగిలి పోయింది. ముందు పెంకులు దిగాయి. తర్వాత వాసాలు, దూలాలు, నాలుగు మూలల స్తంభాలు. గుమ్మం పైకమ్మి మీద రెండు ఏనుగుల మధ్య గజలక్ష్మి ఉండేది. ప్రతి శుక్రవారం పసుపు రాసి రాసి ఆవిడ ముఖం నునుపెక్కిపోయింది. ఆ కమ్మిని గడ్డపారతో పెకలించి, గోనెపట్టాలో చుట్టి, లారీ ఎక్కించారు. గోడల దగ్గరికి వచ్చేసరికి గడ్డపార ఆగిపోయింది. ఎద్దులతో గానుగ తిప్పి నూరిన సున్నం. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి కట్టిన గోడ. కూలీలు చేతులెత్తేశారు. చివరికి జేసీబీ వచ్చింది. ‘శిథిలావస్థలో ఉన్నందున తొలగించడమైనది’ అని కాగితం మీద రాశారట. గడ్డపారకి లొంగని గోడ శిథిలమా? కొట్టినా కూలనిదాన్ని శిథిలమని సంతకం పెట్టిన ఆ ఇంజనీరు వచ్చి ఒక్కసారి ఆ గోడ ముందు నిలబడితే బాగుండేది.

కూల్చే ముందు మా వీధివాళ్ళం కొందరం తిరిగాం. మునిసిపల్ ఆఫీసులో, “అది ప్రైవేటు ఆస్తండీ, మాకేం సంబంధం లేదు” అన్నారు. పై ఆఫీసులో, “మా జాబితాలో లేదండీ” అన్నారు. జాబితాలో ఎప్పుడు చేరుస్తారంటే, “ప్రపోజలు రావాలి” అన్నారు. ప్రపోజలు ఎవరు పంపాలంటే మళ్ళీ మునిసిపల్ ఆఫీసు పేరే చెప్పారు. మా వార్డు పెద్దమనిషి ఒకాయన, “పాతదే కదండీ, పోతే కొత్తది వస్తది” అని టీ ఇప్పించి పంపాడు. ఎవరూ కసురుకోలేదు. కసురుకుని ఉంటే పోట్లాడేవాళ్ళం. అందరూ మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంత మర్యాదగల నిర్లక్ష్యంతో ఎవరు పోట్లాడగలరు?

చట్టం సంగతి చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. వందేళ్ళు దాటిన చారిత్రక కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించడానికి 1958 నాటి కేంద్ర చట్టముంది. దాని వెనకే మన రాష్ట్ర చట్టం 1960లో వచ్చింది. దేశమంతటా కేంద్రం రక్షణలో ఉన్నవి సుమారు 3,700. వాటిలో కోటలున్నాయి, గుళ్ళున్నాయి, సమాధులున్నాయి. మామూలు మనుషులు కాపురాలు చేసిన ఇళ్ళకి అక్కడ చోటెక్కడిది? ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం చూడండి. కట్టడం నుంచి ఊడదీసిన వస్తువు వందేళ్ళ నాటిదైతే అది ‘పురావస్తువు’. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చెయ్యకూడదు. ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. అంటే గుమ్మానికి ఉన్నన్నాళ్ళూ ఆ గజలక్ష్మిని పట్టించుకునే దిక్కు లేదు. గుమ్మం నుంచి పెకలించి లారీ ఎక్కించిన క్షణాన ఆవిడ పురావస్తువైపోయింది! పోనీ అప్పుడైనా ఎవరైనా లారీని ఆపారా? రేకు ముక్క మీద ఫోన్ నంబరు వేసుకున్నవాణ్ణి లైసెన్సు ఉందా అని అడిగారా? ఊరందరికీ కనపడే నంబరు అధికారులకి కనపడలేదు.

ఇక ప్లాను మంజూరు. రోడ్డు వెడల్పెంత, చుట్టూ ఎంత ఖాళీ వదులుతారు, పార్కింగు ఎక్కడ, ఇంకుడు గుంత తవ్వారా అని అడుగుతారు. అడగాల్సినవే. కానీ ఆ స్థలంలో ఇప్పుడేముంది, దాని వయసెంత, పడగొట్టబోయే ముందు ఎవరైనా చూశారా అని అడిగిన పాపాన పోరు. నాలుగు వాలుల మీద పడిన వానని నట్టింట్లోకి రప్పించి, తూము గుండా పెరట్లోకి పంపిన మండువాని కూలగొట్టి, అదే స్థలంలో ఇంకుడు గుంత ఉంటేనే అనుమతి ఇస్తామంటారు.

ఈ ఇళ్ళు ఊరికే లేచినవి కావు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు పారాయి, రెండో పంట వచ్చింది, డబ్బొచ్చింది. మన్యం కలప తెప్పలు కట్టుకుని గోదావరి మీద రాజమండ్రి దిగింది. బర్మా టేకు ఓడలెక్కి రేవులకి వచ్చింది. డెల్టా చరిత్ర పుస్తకాల్లో పది వాక్యాలుంటే, మిగిలినదంతా ఈ స్తంభాల్లోనూ దూలాల్లోనూ ఉంది. ఎండలో వీధి కాలిపోతుంటే సావిడి చల్లగా ఎందుకుంటుందో, ఆ గోడ అంత మందం ఎందుకో, చూరు అంత కిందికి ఎందుకు దించారో, ఏసీ లేని కాలంలో ఈ ఉక్కపోత ఊళ్ళో బతకడానికి మన మేస్త్రులు కనిపెట్టిన ఉపాయాలన్నీ అందులో ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను పట్టి ఊపేసినప్పుడు, గట్టి గోడ ఉన్న ఇల్లు ఏ కులానిదని చూడకుండా జనం పరిగెత్తారు.

కులం మాట వచ్చింది కాబట్టి అదీ మాట్లాడుకుందాం. ‘ఆ లోగిళ్ళలోకి మమ్మల్ని రానిచ్చారా? అవి పోతే మాకేంటి?’ అని అడిగేవాళ్ళున్నారు. అడిగే హక్కు వాళ్ళకుంది. అరుగు దాటనివ్వని ఇళ్ళే చాలా ఉన్నాయి. తెలంగాణలో దొరల గడీల చరిత్రయితే మరీ చేదు. వెట్టి చేయించిన చోటుని గొప్పగా చెప్పుకోమని ఎవరూ అనకూడదు. కానీ ఆ ఇల్లు కట్టింది ఎవరు? వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రీ, సున్నం మోసిన కూలి. దస్తావేజులో ఆ పేర్లు లేవు. ఆ చేతుల పనికి మిగిలిన ఒకే ఒక్క రుజువు ఆ కట్టడం. దాన్ని పడగొడితే దొర పేరు ఎలాగూ రికార్డుల్లో ఉంటుంది, పోయేది వడ్రంగి ఆనవాలు. ఇల్లు నిలబెట్టి, ఎవరు కట్టారో ఎవర్ని రానివ్వలేదో రెండూ దాని గోడ మీదే రాసి పెడదాం. నేల చదును చేశాక ఏ నిజమూ చెప్పుకోవడానికి చోటుండదు.

వారసుల్ని తిట్టడం తేలిక. తొమ్మిది వాటాలు, నలుగురు హైదరాబాదులో, ఇద్దరు అమెరికాలో. ఇంట్లో మిగిలింది ఒక్క పెద్దావిడ. వానాకాలం వస్తే ఏ గదిలో బిందె పెట్టాలో ఏ గదిలో తపేలా పెట్టాలో ఆవిడకే తెలుసు. గూన పెంకు సర్దే మనిషి దొరకడు. దొరికినా పెంకు దొరకదు. ఆంధ్రలో 2021 నుంచి ఇంటి పన్ను మూలధన విలువ మీద లెక్క కడుతున్నారు. అంటే ఊరి నడిబొడ్డున స్థలం ధర పెరిగినకొద్దీ, పెద్ద పెరడున్న పాపానికి ఆవిడ పన్నూ పెరుగుతుంది. ఊరందరి వారసత్వాన్ని ఆ ఒక్కావిడ పింఛను డబ్బులతో కాపాడాలనడం న్యాయమా? నా కోపం అమ్ముకున్నవాళ్ళ మీద కంటే, అమ్ముకోక తప్పని స్థితిలో వాళ్ళని వదిలేసినవాళ్ళ మీద. అయితే ఒక రకం వారసుల్ని మాత్రం క్షమించలేను. ఏళ్ళ తరబడి పెంకు సర్దించకుండా వదిలేసి, అమ్మేముందు అదే మండువాలో కూతురి పెళ్ళి చేసి, డ్రోన్ ఎగరేసి, ‘మా తాతల నాటి ఇల్లు’ అని వీడియో పెట్టి, నెల తిరక్కుండా బిల్డరుకి అగ్రిమెంటు రాసేవాళ్ళు. రెండు వానాకాలాలు కప్పు చూడకపోతే ఏ ఇల్లైనా శిథిలమే అవుతుంది. అలా శిథిలం చెయ్యడం చాలా ఊళ్ళలో ఒక పద్ధతి ప్రకారమే జరుగుతోంది.

‘మరి ఊరు పెరగొద్దా? పిల్లలకి ఇళ్ళు వద్దా?’ అంటారు. పెరగాలి. అపార్ట్‌మెంట్లు కట్టాలి, దుకాణాలు రావాలి, మురిక్కాలవలు వెయ్యాలి. ఊరు మొత్తాన్ని అద్దాల బీరువాలో పెట్టమని ఎవరడిగారు? రెండూ కుదిరే దారి లేకపోతే గదా ఈ ప్రశ్న అడగాలి! 2016లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా భవన నిబంధనల్లో వారసత్వ కట్టడాల కోసం ఒక అధ్యాయమే ఉంది. కట్టడాలని మూడు శ్రేణులు చేశారు. మొదటి శ్రేణిని ముట్టుకోకూడదు. కింది శ్రేణుల్లో ముఖం, రూపం పాడవకుండా లోపల మార్చుకోవచ్చు. అదే స్థలంలో ఇంకో కట్టడం కట్టుకునే వీలు కూడా ఉంది. అహ్మదాబాదు పాతబస్తీలో, కట్టుకోకుండా వదిలిన అంతస్తుల హక్కుని బాండుగా అమ్ముకుని ఆ డబ్బుతో పాత ఇల్లు బాగు చేయించుకోవచ్చు. ఆ నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఈ టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) బాండు మనకి తెలియనిదేం కాదు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఇళ్ళు కొట్టినప్పుడు మన మునిసిపాలిటీలు ఇస్తున్నది అదే. ఇల్లు కొట్టినందుకు ఇచ్చే బాండుని ఇల్లు నిలిపినందుకు ఎందుకివ్వరు?

మన మండువా లోగిళ్ళకి చాలావాటికి వెనక బోలెడు పెరడుంది. ముందు లోగిలి ఉంచి, పెరట్లో అపార్ట్‌మెంటు కట్టుకోనిస్తే బిల్డరుకి లాభం, వారసులకి వాటా, ఊరికి ఇల్లు. ముందు భాగాన్ని క్లినిక్ చేసుకోండి, హోటల్ చేసుకోండి, బట్టల కొట్టు పెట్టుకోండి. ఇల్లు వాడకంలో ఉంటేనే బతుకుతుంది. తాళం వేసినా చస్తుంది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటని వారసులు బాగు చేయించుకుంటే, దానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. మనవాళ్ళకి చేతకాదనడానికి వీల్లేదు. చెయ్యాలని లేదంతే.

రాజధానే సరిగ్గా లేదు, చిన్న ఊళ్ళననడం ఎందుకనే వాదన కూడా విన్నాను. నిజమే. హైదరాబాదులో వారసత్వ కట్టడాలకి అండగా ఉన్న, జోనింగ్ నియమాల్లోని పదమూడో నిబంధనని 2015లో తీసేశారు. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ పడగొట్టి అసెంబ్లీ కడదామనుకుంటే హైకోర్టు అడ్డుకుంది. కానీ ఎర్రమంజిల్ కోసం కోర్టుకెళ్ళడానికి హైదరాబాదులో మనుషులున్నారు, వకీళ్ళున్నారు, రాసే పత్రికలున్నాయి. అమలాపురంలోనో తణుకులోనో గద్వాలలోనో ఒక లోగిలి కోసం హైకోర్టు మెట్లెక్కేది ఎవరు? అందుకే చిన్న ఊళ్ళలో కూల్చివేతకి చప్పుడుండదు. ఆదివారం తెల్లారగట్ట మొదలుపెడితే సోమవారానికి చదును.

మహానుభావుడు ఉన్న ఇల్లయితే కాపాడతాం, అదీ మన లెక్క. రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లు ఉంది, విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంది. ఉండాల్సిందే. కానీ ఆ మహానుభావులు నడిచిన వీధి ఏది? వాళ్ళతో తగువులాడిన పక్కింటివాళ్ళ అరుగు ఏది? ఒక్క ఇంటిని వదిలేసి చుట్టూ వీధంతా గాజు అద్దాల షాపింగ్ కాంప్లెక్సులు లేపితే, మిగిలిన ఆ ఇల్లు ఏ కాలం సంగతి చెబుతుంది?

అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి పట్టణంలో డెబ్బై అయిదేళ్ళు దాటిన ఇళ్ళన్నీ వార్డుల వారీగా ఒక జాబితా రాయండి. ఆ జాబితాలోని ఇల్లు కూల్చాలంటే మూడు నెలల ముందు నోటీసు పెట్టండి. ఈలోగా కొలతలు తీసి, ఫొటోలు తీసి భద్రపరచండి. నిలబెట్టుకుంటామన్నవాళ్ళకి పన్ను తగ్గించండి, బాండు ఇవ్వండి, పెరట్లో కట్టుకోనివ్వండి. శిథిలమని సంతకం పెట్టే ఇంజనీరు పాత సున్నపు గోడ గురించి తెలిసినవాడై ఉండాలి. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే పిల్లలకి ఒక వేసవి ఈ పని అప్పగిస్తే మొదటి జాబితా చేతికొస్తుంది.

చదువుతున్నవాళ్ళకి ఒక మాట. మీ కౌన్సిలర్‌ని ఈ జాబితా గురించి అడగండి. రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఒక పుస్తకం, ఒక కెమెరా, ఒక మనిషి ఉంటే మొదలయ్యే పని ఇది. ఆ మాత్రం కూడా చెయ్యలేని పురపాలక సంఘానికి, ఊరి మొదట్లో సిమెంటు ఆర్చి కట్టి దాని మీద ‘చారిత్రక పట్టణానికి స్వాగతం’ అని రాసుకునే అర్హత లేదు.