సున్నా నుంచి మొదలుపెట్టొద్దు

ఉద్యోగ నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుట్టగానే హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో ఒక సలహా గట్టిగా వినబడుతుంది. ‘ముందు నిన్ను నువ్వు రీసెట్ చేసుకో.’ పాత మెటీరియల్ పక్కన పడెయ్యి. పది రోజులు ఊరెళ్లి మనసు ఖాళీ చేసుకుని రా. ఫోన్‌లో యాప్‌లన్నీ తీసెయ్యి. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం అలవాటు చేసుకో. కొత్త టైంటేబుల్ గోడకు అంటించి, సున్నా నుంచి మొదలుపెట్టు. కోచింగ్ సెంటర్ మొదటి క్లాసులో ఇదే చెబుతారు, యూట్యూబ్‌లో మెంటార్లూ ఇదే చెబుతారు, స్టడీ హాల్లో పక్క కుర్చీ స్నేహితుడూ ఇదే చెబుతాడు. ఉద్యోగస్తులకు జనవరి ఒకటికి ముందు, తల్లిదండ్రులకు జూన్‌లో బడులు తెరిచే ముందు ఇదే మాట కాస్త మార్చి అందుతుంది.

చెప్పేవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. అయినా ఇది తప్పుడు సలహా. కష్టపడి ఎంతో కొంత సంపాదించుకున్నవాళ్లకే ఎక్కువ నష్టం చేసే సలహా. కొత్త సీజన్ ముందు మనిషి చేయాల్సిన పని పోయిన సీజన్ లెక్క తీయడం, ఆ లెక్క చేతిలో పట్టుకుని పని కొనసాగించడం. తనను తాను చెరిపేసుకోవడం తయారీ కిందికి రాదు.

గ్రూప్-1 అభ్యర్థుల సంగతే చూద్దాం. తెలంగాణలో 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకైన సంగతి బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోకపోవడం వంటి లోపాల మీద హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఎత్తేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఇరవై నెలల వ్యవధిలో అదే గడప మూడుసార్లు దాటాల్సి వచ్చింది. మెయిన్స్ రాసేసరికి 2024 అక్టోబరు.

ఒక్కో రద్దు తర్వాత ఈ పిల్లలకు ఇంట్లోవాళ్లూ బయటివాళ్లూ చెప్పిన ఓదార్పు ఒకటే: పోయిందేదో పోయింది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టు. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ నిజం లేదు. రద్దయింది పరీక్ష. చదివిన చదువు రద్దు కాలేదు. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెబుతుందో, 1969 తెలంగాణ ఉద్యమం ఎలా నడిచిందో, కాకతీయుల కాలంలో చెరువులు ఎలా తవ్వారో తెలిసిన తల అలాగే ఉంది. పైగా ఒక్కో పేపరులో 150 ప్రశ్నలు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ విడుదల చేసిన కీ పక్కన పెట్టుకుని చూస్తే తాను ఎక్కడ తొందరపడ్డాడో, ఏ అంశం అసలు ముట్టుకోలేదో, చివరి అరగంటలో ఎన్ని ప్రశ్నలు ఊహ మీద వదిలేశాడో ఆ పేపర్లే చెబుతాయి. డబ్బు పెట్టి కొనే ఏ టెస్ట్ సిరీసూ అంత కచ్చితంగా చెప్పలేదు. ‘సున్నా నుంచి’ అన్న సలహా విని వాటిని పాత కాగితాల వాడికి వేసినవాళ్లు, తమ గురించి తమకు దొరికిన నమ్మదగిన సాక్ష్యాన్ని అమ్ముకున్నట్టే.

ఇందులో నాకు ఇంకా బాధ కలిగించే విషయం ఉంది. పేపరు లీకైతే తప్పు లీకు చేసినవాళ్లది, ఆపలేని వ్యవస్థది. అలాంటప్పుడు ‘నిన్ను నువ్వు రీసెట్ చేసుకో’ అని అభ్యర్థికి చెప్పడం ఏమిటి? చెడిపోయింది పరీక్షా విధానం అయితే మరమ్మతు అభ్యర్థికా? మొదటిసారి బాగా రాసినవాడు కూడా ఈ మాట పదేపదే విని తనలోనే ఏదో లోపం ఉందనుకోవడం మొదలుపెడతాడు. బాగున్న పద్ధతిని మార్చుకుంటాడు. రాత్రిపూట హాయిగా చదివేవాడు నాలుగింటికి లేచి కునికిపాట్లు పడతాడు. తన చేత్తో రాసుకున్న నోట్సు మీద నమ్మకం పోగొట్టుకుని, ఇంకొకరి పీడీఎఫ్‌ల వెంట పడతాడు.

కొత్త ఆరంభానికి బలం లేదని నేననను. హెంగ్‌చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జనం జిమ్‌కు ఎక్కువగా వెళ్తారనీ, డైట్ గురించి ఇంటర్నెట్‌లో ఎక్కువగా వెతుకుతారనీ తేలింది. రీసెట్ గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. అదే డాయ్ 2018లో ప్రచురించిన మరో అధ్యయనం గురించి ఎవరూ చెప్పరు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు లీగ్‌లు ఉంటాయి. సీజన్ మధ్యలో ఆటగాడు ఒక లీగ్ నుంచి రెండో లీగ్‌లోని జట్టుకు మారితే అతని ఆ సీజన్ గణాంకాలు సున్నా నుంచి మొదలవుతాయి. అదే లీగ్‌లోని మరో జట్టుకు మారితే పాత గణాంకాలు కొనసాగుతాయి. ఈ రెండు రకాల ఆటగాళ్లను పోల్చి చూస్తే, అంతవరకు పేలవంగా ఆడినవాళ్లకు సున్నా మేలు చేసింది. అంతవరకు బాగా ఆడినవాళ్ల ఆట మాత్రం ఆ సున్నా తర్వాత దిగజారింది.

నా వాదనకు ఆయువుపట్టు ఇదే. నిజంగా దారి తప్పినవాడికి, ఏడాదంతా పుస్తకం ముట్టనివాడికి, మద్యానికో బెట్టింగ్ యాప్‌కో చిక్కినవాడికి తెగతెంపులు అవసరమే, వాళ్లకు నేను అడ్డు చెప్పను. కానీ ఈ సలహా వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి చెప్పేది కాదు, గంపగుత్తగా అందరికీ చెప్పేది. శ్రద్ధగా వినేది కూడా శ్రద్ధగలవాళ్లే. అంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లే ఎక్కువగా చెరిపేసుకుంటున్నారు.

‘ఇరవై ఒక్క రోజుల్లో కొత్త మనిషి’ అన్న మాట కూడా ఇలాగే చెలామణి అవుతోంది. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతున్నట్టు ఆయన గమనించాడు. ‘కనీసం’ అన్నది కాలక్రమంలో ఎగిరిపోయి, రోజుల సంఖ్య ఒక్కటే మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి చూస్తే, ఒక పని అలవాటుగా మారడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. రీసెట్ పట్టుకున్నవాడికి మాత్రం ఒక రోజు తప్పితే మొత్తం పోయినట్టే, మళ్లీ ఒకటో రోజు. అలా ఒకటో రోజులే పోగుపడతాయి తప్ప చదువు పోగుపడదు.

సీజన్ల గురించి మాట్లాడాలంటే మనకు రైతుకన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారు? కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాగాణి మినుము ఎలా వేస్తారో చూడండి. నవంబరు, డిసెంబరు నెలల్లో వరి ఇంకా చేలో నిలబడే ఉంటుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, పాదాల కింద తడి ఉండగానే, ఆ పైరులోనే మినుమో పెసరో చల్లేస్తారు. దుక్కి లేదు, దమ్ము లేదు. వరి కోసిన తర్వాత మోళ్ల మధ్య మొలకలు లేస్తాయి. వరికి పెట్టిన నీటి తడితో, శీతాకాలం మంచుతో ఆ పంట పండుతుంది. పాత సీజన్ పూర్తయ్యాక నేలను ఖాళీ చేసి, శుభ్రం చేసి, ఎండబెట్టి కొత్తది మొదలుపెడదామనుకుంటే ఆ తడి ఆరిపోతుంది, రెండో పంటే ఉండదు. ఇప్పుడు వరి కోత యంత్రాలు వచ్చాక కొందరు కోసిన తర్వాత వేస్తున్నారు, కొన్నిచోట్ల అదే వరి మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న గింజలు పెడుతున్నారు. పద్ధతి మారింది కానీ పాత తడిని వాడుకోవాలన్న తెలివి మారలేదు.

పాత సీజన్ మిగిల్చేదంతా మేలే అనడం లేదు. మాగాణి మినుముకు బంగారు తీగ బెడద ఉంది. పచ్చని చేను మీద పసుపుపచ్చగా అల్లుకుని మొక్కల రసం పీల్చేసే ఆ కలుపు విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, మినుము విత్తనంలోనూ కలిసి వస్తాయి. రైతు వాటిని జల్లెడ పట్టి వేరు చేస్తాడు. ఏ మడిలో నిరుడు తీగ కనబడిందో గుర్తుపెట్టుకుని ముందే కనిపెట్టుకుని ఉంటాడు. ఆ జాగ్రత్త జ్ఞాపకం నుంచి వచ్చింది. నిరుటిది మరిచిపోయి ‘ఫ్రెష్‌గా’ మొదలుపెట్టిన రైతు చేనులో తీగే ముందు మొలుస్తుంది.

సంప్రదాయాన్ని అడ్డం పెట్టి వాదించేవాళ్లూ ఉన్నారు. భోగి మంటల్లో పాతవి తగలబెట్టడం లేదా, ఉగాదికి ఇల్లంతా కడుక్కోవడం లేదా, అది రీసెట్ కాదా అంటారు. భోగి ఎప్పుడు వస్తుందో గుర్తుచేయాలి. పంట ఇంటికి చేరాక, గాదె నిండాక వస్తుంది. విరిగిన తట్టలు, చిరిగిన చాపలు మంటలో పడతాయి. విత్తనాల కుండ మంటలో పడదు. ఉగాది నాడు పంచాంగం వినేటప్పుడు కూడా ఎవరి రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అని లెక్కే వింటాం. ఆ రోజు ఇల్లు కడిగి పిండివంటలు చేసే ఆడవాళ్లకు ‘ఇక నుంచి మీరు కొత్త మనిషి’ అని ఎవరూ చెప్పలేదు. మర్నాడు కూడా ఆ పనులన్నీ వాళ్లవే. ఇంటి చాకిరీని పంచుకోకుండా ఇల్లాలికి ‘సెల్ఫ్ రీసెట్’ ప్లానర్ కొనిచ్చే ఇళ్లు ఇప్పుడు ఉన్నాయి. ఆమెకు కావాల్సింది రోజుకు రెండు గంటలు. పుస్తకం ఆ రెండు గంటలు ఇవ్వదు.

ఈ ఆలోచన ఇంతగా పాకడానికి ఒక కారణం అమ్మకం. కొనసాగించేవాడికి అమ్మడానికి పెద్దగా ఏమీ ఉండదు. మొదలుపెట్టేవాడికి అన్నీ అమ్మవచ్చు: కొత్త బ్యాచ్, కొత్త మెటీరియల్, కొత్త ప్లానర్, ఏడాది జిమ్ సభ్యత్వం. మనిషి ఎన్నిసార్లు సున్నాకు వస్తే అన్నిసార్లు కొనుగోలుదారు అవుతాడు. జిల్లాల నుంచి వచ్చి, ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుంటూ ఇరుకు గదుల్లో ఉంటున్న పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. పదోసారి మొదటి క్లాసు వినడానికి కట్టే ఫీజు ఎవరి పొలం మీద అప్పో ఆలోచించండి.

అలసిపోతే విశ్రాంతి తీసుకోండి. ఊరెళ్లండి, అమ్మ చేతి అన్నం తినండి, నిద్రపోండి. అది శరీరం అడిగే హక్కు, దానికి పెద్ద పథకం పేరు అక్కర్లేదు. తిరిగి వచ్చాక వదిలిన పేజీ నుంచే తెరవండి. టైంటేబుల్ మార్చాలంటే ఒక్క గంట మార్చి చూడండి. మీ పద్ధతిలో ఏది పనిచేసిందో తెలియకుండా అంతా మార్చేయకండి. తల్లిదండ్రులకూ ఒక మాట: పరీక్ష పోయిన పిల్లతో ‘మళ్లీ మొదటి నుంచి’ అనకండి. ‘ఎక్కడిదాకా వచ్చావో చెప్పమ్మా’ అని అడగండి. అభ్యర్థులకు నా విన్నపం ఇంకా సూటిది. తర్వాతి నోటిఫికేషన్ వచ్చిన రోజు కొత్త పుస్తకాల కొట్టుకు వెళ్లకండి. పోయినసారి రాసిన ప్రశ్నపత్రం తీసి, తప్పుపోయిన ప్రశ్నల దగ్గర కూర్చోండి.