అడగకుండా తీసి అంగట్లో పెడితే

2025 మే నెలలో బెంగళూరు నమ్మ మెట్రోలో మహిళలను వాళ్లకు తెలియకుండా వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఖాతా బయటపడింది. బనశంకరి పోలీసులు కేసు పెట్టి, ఓ 27 ఏళ్ల యువకుడిని అరెస్టు చేశారు. రెండు నెలలు తిరక్కముందే చర్చి స్ట్రీట్‌లో అమ్మాయిల వెంట కెమెరాతో పడ్డ మరొకడు దొరికాడు. అతని వీడియోలో కనిపించిన విద్యార్థిని ఫిర్యాదు చేస్తే, అది తమ నిబంధనలకు విరుద్ధం కాదన్నదే ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చిన జవాబట. ఈలోగా ముక్కూమొహం తెలియనివాళ్లు ఆమె ఖాతా వెతికి పట్టుకుని అసభ్య సందేశాలు పంపారు.

‘రోడ్డు మీదికొస్తే నలుగురూ చూస్తారు, తీస్తే తప్పేంటి?’ అనేవాళ్లు ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. దారినపోయేవాడి చూపు మలుపు తిరిగితే పోతుంది. వీడియో పోదు. భుజానికి బ్యాగుతో, ఫోన్ చూసుకుంటూ రైలు కోసం నిలబడ్డ అమ్మాయిని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఒకడు ఫోన్ వాల్చి తీస్తాడు. సాయంత్రానికి ఆమె ఒంటి మీద, నడక మీద వేలమంది వ్యాఖ్యలు. ఆమె ఇల్లు చేరేలోపే తోబుట్టువులకో, ఆఫీసులోవాళ్లకో అది చేరిపోవచ్చు.

మన చట్టం చూపు ఇక్కడిదాకా రావడం లేదు. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ శరీరంలోని గోప్య భాగాల చిత్రాలకే పరిమితం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా తీస్తేనే వర్తిస్తుంది. నిండుగా బట్టలు కట్టుకుని నడిచివెళ్లే మనిషికి నేరుగా అండనిచ్చే సెక్షన్ లేదు. కానీ బెంగళూరులోనే స్థిరపడిన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత హక్కు కోల్పోడు.

జనం మధ్య ఫొటోలు తీయడాన్నే నిషేధించమని మేం అనడం లేదు. కరగ ఉత్సవం, బసవనగుడి వేరుశనగల జాతర కడలెకాయి పరిషె కెమెరాకు ఎక్కాల్సిందే. లాఠీ ఎత్తిన పోలీసునూ, లంచం అడిగే ఉద్యోగినీ తీయడం పౌరుడి హక్కు. ఒక్క మనిషిని ఏరి, వెంటపడి, ముఖం తెలిసేలా తీసి లోకం మీద వదలడం వేరు. జర్మనీలో 1898లో బిస్మార్క్ మరణశయ్య దగ్గరికి దొంగచాటుగా చొరబడి ఫొటో తీశారు. ఆ వివాదం తర్వాత, 1907లో, అనుమతి లేకుండా మనిషి బొమ్మను ప్రచురించకూడదని అక్కడ చట్టం చేశారు. వార్తలకూ, జనసమూహాల చిత్రాలకూ అందులో మినహాయింపు ఉంది. మనకూ అలాంటిదే కావాలి.

నగ్న చిత్రాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే గడువులోగా తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు సోషల్ మీడియా వేదికలను ఆదేశిస్తున్నాయి. ఇలా చాటుగా తీసిన వీడియోలనూ కేంద్రం ఆ జాబితాలో చేర్చాలి. ‘నా వీడియో తీసేయండి’ అని అందులోని మనిషి అడిగితే చాలు, తీసేయాలి. అది అశ్లీలమని నిరూపించే భారం ఆమె నెత్తిన పెట్టకూడదు.