చిన్నవాని బడి, అక్క చదువు

ఉన్నత పాఠశాల వార్షిక సంచికలో మూడేండ్ల పసివారి ప్రసంగ మెందులకని చదువరులు కొంద రడుగవచ్చును. మే మీ విషయమును వ్రాయుటకు కారణము మా హాజరు పట్టీయే. ప్రతి సంవత్సరమును సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట ఏడవ, ఎనిమిదవ తరగతులలో కొందరు బాలికల పేళ్ల కెదురుగా గైరుహాజరు గుర్తులు వరుసగా పడుచుండును. బాలురకు పడవని కాదు, బాలికలకు హెచ్చు. జ్వరమా యని విచారింపగా జ్వరము కాదు. పెండ్లి చేసినారేమో యని భయపడగా, చాలమా రదియు కాదు. "తమ్ముని చూచుకొనుచున్న దండీ" యని ప్రక్కయింటి పిల్ల చెప్పును. ఆ మాట వినగానే ఉపాధ్యాయుడు తల యూపి పాఠము నారంభించును. ఇన్నేండ్లుగా మేమును అట్లే తల యూపితిమి.

ఖమ్మము సీమ మిరపకు పేరుపడినది. జనవరి మొదలు ఏప్రిల్ వరకు తోటలలో కాయ యేరుట సాగుచుండును. తెల్లవారకముందే కూలివారి ట్రాలీ ఆటోలు ఊరి చివర నిలుచును. తల్లి అన్నపు గిన్నె మూటగట్టుకొని యెక్కును. తండ్రియు ఆ తోటకే పోవును, లేదా కల్లములో కాయ నెండబోయును, లేదా లారీ వెంట మార్కెట్టునకు పోవును. భద్రాచలము దిక్కున అడవి యంచు గూడెములలో మిరప పని ముగియక ముందే ఇప్పపూవు రాలును; దాని వెన్నంటి తునికాకు వచ్చును. ఆకు కోసి, ఇంటికి తెచ్చి, కట్టలు గట్టి, కల్లమునకు చేర్చువరకు తల్లికి తీరిక లేదు. కొత్తగూడెము, ఇల్లెందు బొగ్గుగనులలో పనిచేయు తండ్రులకు వారము వారమునకు షిఫ్టు మారుచుండును. ఖమ్మము పట్టణములో ఉపాధ్యాయురాండ్రుగను నర్సులుగను పనిచేయు తల్లుల యిండ్లలోను తొందర యదియే. దాని వేషము మాత్రమే వేరు. ఈ సీమ జిల్లా గీతలు 1953లో మారినవి, 1959లో మారినవి, 2014లోను 2016లోను మరల మారినవి. మిరప యేరు కాలము మాత్రము మారలేదు.

ఇట్టి యిండ్లవారు పసిబిడ్డకు బడి నెన్నుకొనునప్పుడు ఏమి చూతురు? బడి పేరు చూతురు, గోడలమీది రంగుబొమ్మలు చూతురు, మెడకు కట్టు టై చూతురు, ఇంటి ముంగిటికి వ్యాను వచ్చునా యని విచారింతురు, ఇంగ్లీషు పద్యము లెన్ని నేర్పుదురో అడుగుదురు. తాము పనిలో నుండు గంటలలో బిడ్డ యెవరి చేతిలో నుండును అను ప్రశ్న మాత్రము కడపట వచ్చును, లేదా రానే రాదు. మా యభిప్రాయము ఈ క్రమము తలక్రిందులైన దనియే. గంటల ప్రశ్న మొదట రావలెను. ఏలయన, బడి చూచుకొనని గంట లెక్కడికిని పోవు. అవి ఇంటిలో పెద్దపిల్ల మీద పడును.

మే మెరిగిన యొక కుటుంబపు సంగతి చెప్పెదము. ఊరు అడవి యంచున నున్నది. తండ్రి ట్రాక్టరు నడుపును, తల్లి కూలికి పోవును. మూడేండ్ల కుమారుని పట్టణములోని యొక నర్సరీలో చేర్చిరి. వ్యాను ఉదయము ఏడున్నరకు వచ్చును, మధ్యాహ్నము మూడింటికి బిడ్డను దింపిపోవును. ఆ వేళల రెంటిలోను తలిదండ్రు లింట నుండరు. కాబట్టి వానికి నీళ్లు పోసి, బూట్లు తొడిగి, వ్యాను నెక్కించునది మా ఏడవ తరగతి బాలిక. మూడింటికి గుమ్మములో నిలిచి దింపుకొనునదియు ఆమెయే. అందువలన ఆమె మధ్యాహ్న భోజనమైన వెంటనే మా యావరణము దాటిపోవుచుండెను. గణితము, సామాన్యశాస్త్రము ఆమె తరగతికి మధ్యాహ్నమే జరుగును. తల్లి మిరపకూలి డబ్బు కూడబెట్టి నర్సరీ జీతము కట్టినది. ఆ డబ్బుకన్న పెద్ద మూల్యము అక్క మధ్యాహ్నపు పాఠములు. వాటి నెవరును లెక్కలో వ్రాయలేదు. ఇంతకును ఆ పసివాడు వ్యానులో పోవునప్పుడొకమారు వచ్చునప్పుడొకమారు నిద్రపోవుచుండెనని అక్కయే మాతో చెప్పినది.

తలిదండ్రులను నిందించుట మా యుద్దేశము కాదు. తమ యెదుట ఎవరికి ఉద్యోగములు వచ్చినవో, ఎవరికి రాలేదో వారు కండ్లార చూచినవారు. ఇంగ్లీషు కోరుట తప్పు గాదు; మా పాఠశాలయు దానిని నేర్పుచున్నది. అయితే మూడేండ్లవానికి కావలసిన దదియా యను విషయమున మాకు సందేహము గలదు.

చిన్నపిల్లల బడులు పుట్టిన చరిత్ర మొక్కింత తెలిసికొన్నచో ఈ గంటల ప్రశ్న క్రొత్తది గాదని తెలియును. 1816వ సంవత్సరమున రాబర్టు ఓవెను స్కాట్లండులోని న్యూ లానర్కు నూలు మిల్లుల యొద్ద శిశుపాఠశాల తెరచెను. అది మిల్లు కూలీల పిల్లల కొరకు తెరచినది. మేరియా మాంటిసోరి 1907 జనవరి 6వ తేదీని రోము నగరమున తెరచిన మొదటి "శిశుగృహము" కూడ పేద కూలీల వాడలోనే వెలసెను. తలిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి గనుక, ఆ యిండ్లను బాగుచేసిన సంఘమువారే అందులో నొక గది యిచ్చిరి. బోధించునామె ఆ భవనములోనే నివసింపవలెనని యేర్పాటు. తల్లి యే వేళకు వచ్చునో, బిడ్డ రాత్రి దగ్గెనో లేదో ఆమెకు తెలియునన్న మాట. ఆ మహనీయురాలు 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. నే డామె పేరు మన ప్రతి పట్టణమున బోర్డులమీద కనబడుచున్నది. బోర్డు నిలిచినది గాని, ఇంటిప్రక్క గది యన్న మాట జారిపోయినది.

మన పరిస్థితికి మరింత దగ్గరైన కథ మహారాష్ట్రములోనిది. తారాబాయి మోడక్ గారు 1945లో బోర్డీ యను సముద్రతీర గ్రామమున బాలవాడి ప్రారంభించిరి. అనూతాయి వాఘ్ గారు వారికి కుడిభుజము. పేద వాడల పిల్లలు బడికి రాకపోగా, వీరే వాడకు పోయి ముంగిట కూర్చుండి ఆట లాడించిరి. ముంగిటి బడి యను నర్థమునిచ్చు "అంగన్‌వాడీ" యను పేరు ఆ విధముగా వచ్చినదే. తరువాత కోస్‌బాడు కొండమీద వార్లీ గిరిజనులలో పనిచేయునపుడు ఇంకొక సంగతి వారికి బోధపడెను. పెద్దపిల్లలు బడికి రాకుండుటకు కారణము చంకలోని చిన్నపిల్ల. కాబట్టి చంటిపిల్లల గది, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటిని ఒక్కచోట చేర్చిరి. అక్క తమ్ముని ఆ గదిలో దింపి, తాను ప్రక్కగదిలో చదువుకొనును. పశువుల కాపరుల కొరకు పచ్చిక బయలులోనే బడి నడపిరి. గిరిజన గూడెముల నడుమ నున్న మేము ఈ కథను పలుమారు తలచుకొనవలసి యున్నది.

అంగన్‌వాడీ యనగానే పట్టణపు కుటుంబములు మొగము ద్రిప్పుకొనును. అది గంజికేంద్ర మని కొందరి యెగతాళి. 1975 అక్టోబరు 2వ తేదీని 33 ప్రయోగ ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునకు నేడు దేశమున అంగన్‌వాడీ చేరని తాలూకా లేదు. మూడు మొదలు ఆరేండ్ల వరకు గల బిడ్డకు దినమునకు ఇంత శక్తి, ఇన్ని మాంసకృత్తులు గల ఆహార మీయవలెనని నియమము. బరువు తూచుట, టీకాల విచారణ, ఆటపాటలు అచటనే జరుగును. జీతము లేదు. బోధించునామె సాధారణముగా ఆ యూరి కోడలో కూతురో. రోము నగరపు భవనములో మాంటిసోరి కోరినదానికి మన యూళ్లలో ఇంతకన్న దగ్గర వచ్చినది వేరొకటి లేదు.

లోపములు లేవని మే మనము. కేంద్రము తెరచు వేళ కార్యాలయపు వేళ. కూలివారి వేళ కాదు. తల్లి ఆరింటికి పోయి పొద్దుగూకి వచ్చును. కేంద్రము ప్రొద్దెక్కిన తరువాత తెరచి సాయంకాలము గాకముందే మూయుదురు. తునికాకు దినములలో వేసవి సెలవులును అడ్డు వచ్చును. ఆ వెలితి గంటలకు అక్కయే దిక్కు. ఈ విషయమున చట్టములలో మాటలు లేకపోలేదు. 2005వ సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, పని స్థలమునకు ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు వచ్చినచో వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. ప్రభుత్వపు పనికి వర్తించిన ఆ న్యాయము మిరపతోట యజమానికి వర్తింపకుండుటకు మాకు హేతువు కానరాదు. ముప్పది మంది యేరుచున్న తోటలో, చెట్టునీడ నొక యవ్వకు కూలి యిచ్చి పిల్లలను చూడుమన్నచో క్వింటాలుకు ఎంత ఖర్చు పెరుగును?

మరియొకటి. 2006 డిసెంబరు 13వ తేదీని సుప్రీంకోర్టు చేసిన యుత్తరువు ప్రకారము, ఆరేండ్లలోపు పిల్లలు కనీసము 40 మంది గల పల్లెవారు కోరినచో, మూడు నెలలలోగా అంగన్‌వాడీ కేంద్ర మీయవలెను. అడవిలోని గుంపు లనేకము చిన్నవి. అచట నలువది మంది పిల్ల లుండరు. అట్టిచోట రెండు మూడు గుంపులు కలిసి యడుగుట మేలు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరేండ్లకు పైబడినవారికే హక్కు నిచ్చి, మూడు మొదలు ఆరు వరకు గలవారికి ప్రభుత్వము ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే చెప్పినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండియే చదువు మెట్టు కట్టినది. గిరిజన ప్రాంతములలోని ఆశ్రమ పాఠశాలలలోను శిశువిద్య ప్రవేశపెట్టవలెనన్నది. ప్రక్క గూడెము పిల్లలు పగలు వచ్చి పోవుటకైనచో మంచిదే. మూడేండ్ల బిడ్డ రాత్రి తల్లి లేక హాస్టలులో పండుకొనుటకైనచో మేము సమ్మతింపము.

ఇక భాష. కోయ యింటి బిడ్డకు దాహమైనచో "ఏరు" అనును. వారి భాషలో దాని యర్థము నీళ్లు. తెలుగు మాత్రమే యెరిగిన ఆయా, ఏటి కెందుకురా యని కసరును. బిడ్డ రెండవమా రడుగడు. ఇది చిన్న విషయమని తోచవచ్చును గాని, బడి యనగా తన మాట చెల్లని చోటు అని బిడ్డ యాదినమే నేర్చుకొనును. పందొమ్మిదవ శతాబ్దిలో దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ దొరగారు కోయభాష నభ్యసించిరి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో గూడ ఎనిమిది గిరిజన భాషలలో మొదటి తరగతుల బోధన నారంభించెను. అనగా ఈ మార్గ మెవరికిని తెలియనిది కాదు. ఇంటిలో కోయ లేదా లంబాడీ, బడిలో హఠాత్తుగా ఇంగ్లీషు, వీధిలో తెలుగు. ఈ మూటి నడుమ బిడ్డ నోరు మూసికొని యుండుటను మనము బుద్ధిమంతుడని మెచ్చుకొనుచున్నాము.

బడి నెన్నుకొనబోవు తలిదండ్రు లొకపని చేయవలెను. చేర్పుల దినమున గాక, మామూలు దినమున పదకొండు గంటలకు ముందుగా చెప్పక పోవలెను. ఆ వేళకు బిడ్డలకు ఆకలి, విసుగు రెండును పుట్టును. ఏడ్చుచున్న వాని నెవ రెత్తుకొందురో చూడవలెను. మరుగుదొడ్డి తలుపు చిన్నపిల్లకు తెరువ వచ్చునా, కుండలో నీరున్నదా, నేలమీద కూర్చుండి ఆడుటకు చోటున్నదా చూడవలెను. ఇంటిమాట తెలిసినవా రచట నొక్కరైన నుండవలెను. మూడేండ్లవాని వ్రేళ్లకు పలకబలపము బలవంతముగా నిచ్చి పుటలు నింపించుచున్నచో, అది యెంత పేరుగల బడియైనను వెనుకకు రావలెను. మట్టి పిసికి, గింజ లేరి, బొమ్మలు గీసిన వ్రేళ్లు ఐదారేండ్లకు తామే అక్షరముల నందుకొనును. నడిచి పోగల దూరమున నున్న సామాన్యమైన బడి, గంట ప్రయాణములో నున్న గొప్ప బడికన్న మేలని మా నిశ్చయము. ఉద్యోగస్థులైన మా తోటి యుపాధ్యాయులలో కొంద రీ మాటకు కోపగింతురని యెరుగుదుము. వారి పిల్లలును వ్యానులలోనే పోవుచున్నారు.

ఇతరులకు చెప్పి మేము ఊరకుండుట న్యాయము గాదు. మా తూర్పు వసారా చివర నొక గది గలదు. విరిగిన బల్లలు, పాత పటములు అందులో పడియున్నవి. దాని నూడ్చి, చాపలు పరచి, జనవరి మొదలు ఏప్రిల్ వరకు మా విద్యార్థినుల తమ్ములను చెల్లెండ్రను అచట నుంచుటకు, ఊరిలోని యొకరిద్దరు పెద్దమ్మలకు తగిన కూలి యిచ్చి పిలుచుటకు అనుమతి నీయవలసినదని యాజమాన్యమువారిని ఈ పుటల మూలముగా వేడుకొనుచున్నాము. పట్టణపు పోషకులలో శక్తిగలవారు పాలకు, గ్రుడ్లకు సాయపడవచ్చును. తరగతి యుపాధ్యాయులు ఈ సంక్రాంతి ముందే పట్టీ ముందిడుకొని, ఏ బాలిక యింట ఆరేండ్లలోపు బిడ్డ గలదో, తల్లి యే వేళకు పనికి పోవునో విచారించి పేళ్లు వ్రాసి యిచ్చిన మేలు. పేళ్లు వచ్చులోపల ఆ గదిలోని బల్లలను మేమే బయటికి మోయించెదము.